మా అల్లుడు క్వార్టర్‌బ్యాక్. ఇంకెన్నాళ్లు ఎదురుచూడాలి?

ప్రశ్న: మాది విజయవాడ. మా అమ్మాయి టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడే తనతో చదివిన అమెరికా అబ్బాయిని పెళ్లి చేసుకుంది. అల్లుడు 2022, 2023లో అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాలేజీ జట్టుకు స్టార్టింగ్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ ఆట నడిపేవాడు. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్తవాళ్లను ఎంచుకునే 2024 డ్రాఫ్టులో ఎవరూ తీసుకోలేదు. ఆ తర్వాత ఒక జట్టు పిలిచింది, ఆగస్టులో తీసేసింది. సాధనకు ఉంచుకునే అదనపు ఆటగాళ్ల జాబితా, అంటే ప్రాక్టీస్ స్క్వాడ్‌లో తొమ్మిది వారాలు ఉంచుకుని నవంబరులో పంపేసింది. 2025 జనవరిలో ఇంకో జట్టు తీసుకుంటే ఆగస్టులో అదీ పోయింది. తర్వాత రెండు జట్లు పిలిపించి బంతులు వేయించుకుని చూశాయి, మళ్లీ కబురు లేదు. వయసు 24. ఎత్తు ఆరడుగుల అంగుళం, బరువు 208 పౌండ్లు, 40 గజాల పరుగు 4.8 సెకన్లు. బంతి పట్టే రిసీవర్‌గా మారమని కొందరు, కెనడా వెళ్లమని కొందరు అంటున్నారు. రోజంతా ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంటున్నాడట. అమ్మాయి పైకి చెప్పదు గానీ దిగులుగా ఉంది. అంత బాగా ఆడినవాడు ఎందుకు నిలదొక్కుకోలేకపోతున్నాడు? ఇంకెన్నాళ్లు చూడాలి?
– ఒక తల్లి, విజయవాడ

సమాధానం: అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకే జవాబు చెప్తాం. 2026 అక్టోబరు దాకా చూడొచ్చు. అయితే ఇప్పుడు చూస్తున్నట్టు కాదు. ఫోన్ పక్కన కూర్చోవడమే పనైతే ఈ డిసెంబరు దాకా ఆగడం కూడా దండగే.

ఎందుకు నిలవలేకపోతున్నాడన్నది అతని ప్రతిభ కంటే ఆ ఉద్యోగం తీరు మీద ఎక్కువగా ఆధారపడిన విషయం. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లు. సీజన్‌లో ఒక్కో జట్టుకు 53 మంది, వాళ్లకు తోడు ప్రాక్టీస్ స్క్వాడ్‌లో 16 మంది. రిసీవర్లు, డిఫెన్స్‌వాళ్లు మ్యాచ్ మధ్యలో మారుతూనే ఉంటారు కాబట్టి నాలుగోవాడికీ అయిదోవాడికీ ఎంతోకొంత ఆట దొరుకుతుంది. క్వార్టర్‌బ్యాక్ మాత్రం ఒక్కడే. అతనికి దెబ్బ తగిలితేనో, ఆట మరీ చెడిపోతేనో తప్ప రెండోవాడు మైదానంలోకి దిగడు. మన విశాఖ కుర్రాడు కె.ఎస్. భరత్ టీమిండియాతో రిజర్వు వికెట్ కీపర్‌గా ఎన్నాళ్లు తిరిగితే 2023 ఫిబ్రవరిలో నాగపూర్‌లో మొదటి టెస్టు దక్కిందో గుర్తుందిగా, ఇదీ అలాంటి స్థానమే. జట్టుకు ముగ్గురు చొప్పున వేసుకున్నా మొత్తం 96 ఉద్యోగాలు. 2024 డ్రాఫ్టులో 257 మందిని ఎంచుకుంటే అందులో క్వార్టర్‌బ్యాక్‌లు 11 మందే, వాళ్లలోనూ ఆరుగురు మొదటి 12 స్థానాల్లోనే వెళ్లిపోయారు. పైగా డ్రాఫ్టులో పేరొచ్చినంత మాత్రాన భద్రత ఏమీ లేదు. అదే ఏడాది గ్రీన్ బే జట్టు ఏడో రౌండులో తీసుకున్న మైకేల్ ప్రాట్‌ను ఆగస్టులోనే వదిలేసింది. 2003లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అతిపెద్ద గౌరవమైన హైజ్‌మన్ ట్రోఫీ అందుకున్న జేసన్ వైట్‌ను డ్రాఫ్టులో ఒక్క జట్టూ అడగలేదు.

2020 నుంచి ఇంకో చిక్కు వచ్చిపడింది. అంతకు ముందు ప్రాక్టీస్ స్క్వాడ్ అంటే దాదాపుగా కుర్రాళ్లకే. ఇప్పుడు అందులో ఆరుగురి దాకా ఎంత అనుభవమున్నవాళ్లనైనా పెట్టుకోవచ్చు. దాంతో చాలా జట్లు మూడో క్వార్టర్‌బ్యాక్‌గా ముప్పై దాటిన పాతకాపును ఉంచుకుంటున్నాయి. మంగళవారం ప్లేబుక్ (జట్టు ఆటలన్నీ రాసిన పుస్తకం) చేతికిస్తే ఆదివారానికి సిద్ధమయ్యే మనిషి వాళ్లకు కావాలి. మీ అల్లుడు పోటీ పడుతున్నది తన వయసువాళ్లతో అనుకుంటే పొరపాటు.

ఇక ఆట సంగతి. కాలేజీ ఆటా, ప్రొఫెషనల్ ఆటా చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ క్వార్టర్‌బ్యాక్ పని చాలా మారిపోతుంది. బంతి పెట్టే చోటును నిర్ణయించే హాష్ గీతల మధ్య దూరం కాలేజీలో 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. కాలేజీలో బంతి ఒక పక్కకు ఉన్నప్పుడు రెండో పక్క మైదానం విశాలంగా తెరుచుకుని ఉంటుంది, అక్కడ రిసీవర్ ఖాళీగా దొరుకుతాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బంతి దాదాపు మధ్యలోనే ఉంటుంది కాబట్టి డిఫెన్స్ ఎటు మొగ్గుతుందో చివరి క్షణం దాకా దాచగలదు. పరుగో పాసో ఆట మధ్యలో తేల్చుకునే రన్-పాస్ ఆప్షన్ ఆటలు కాలేజీలో బాగా నడుస్తాయి. వాటిలో ముందు వరసలో కాపు కాసే లైన్‌మెన్ మూడు గజాలు ముందుకెళ్లడానికి వీలుంది, ఇక్కడ ఒక్క గజమే. అంటే చూసి నిర్ణయించుకునే సమయం బాగా తగ్గిపోతుంది.

అసలు తేడా మాటల్లో ఉంది. మీ అల్లుడు ఆడిన రెండేళ్లలో కాలేజీ ఆటలో హెల్మెట్ రేడియో లేదు. పక్క నుంచి చేతి సైగలు, బొమ్మల అట్టలు చూసి ఆడేవాళ్లు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కోచ్ చెవిలో చెప్తాడు. 40 సెకన్ల గడియారం 15కి రాగానే ఆ రేడియో ఆగిపోతుంది. ఆ 25 సెకన్లలో ‘గన్ ట్రిప్స్ రైట్, ఎఫ్ షార్ట్, 3 జెట్ డ్రాగన్, క్యాన్ 18 వాండా’ లాంటి వాక్యాన్ని ఒక్కసారి విని, ఆటకు ముందు గుమిగూడే హడిల్‌లో పదిమందికి తడబడకుండా చెప్పాలి. అందులో ఎవరెక్కడ నిలబడాలి, ఎవరు కదలాలి, లైన్ ఎలా కాపు కాయాలి, పాస్ ఏమిటి, డిఫెన్స్ మరోలా కనబడితే దాని బదులు ఏ రన్ ఆడాలి అన్నీ ఉన్నాయి. తర్వాత గీత దగ్గరికెళ్లి ఎదుటి జట్టులో మిడిల్ లైన్‌బ్యాకర్ ఎవరో, అంటే ‘మైక్’ ఎవరో, వేలెత్తి చూపాలి. లైన్ మొత్తం తన లెక్కను అక్కడి నుంచే మొదలుపెడుతుంది. అది తప్పితే ఎదుటివాడు ఎవరి అడ్డూ లేకుండా నేరుగా వచ్చి మీదపడతాడు.

ఇదంతా నేర్చుకోవాలంటే ఆడాలి, మూడోవాడికి ఆడే వీలే ఉండదు. క్యాంపులో ఎక్కువ రెప్స్ (సాధనలో ఆడే వంతులు) మొదటివాడివి, మిగిలినవి రెండోవాడివి. సీజన్‌లో ప్రాక్టీస్ స్క్వాడ్ క్వార్టర్‌బ్యాక్ చేసే పని వచ్చే వారం ఎదుటి జట్టులా నటించడం. కార్డు మీద గీసిన వాళ్ల ఆటను చూసి మన డిఫెన్స్‌కు ఆడి చూపిస్తాడు. సొంత జట్టు ఆటలు అతని చేతికి రావు. 2021 నుంచి ప్రీసీజన్ మ్యాచులు కూడా మామూలుగా మూడే, అతనికి దొరికేది వాటి చివరి క్వార్టర్లు. అప్పుడు పక్కన ఉండేదీ రేపోమాపో తీసేయబోయే లైన్‌మెన్లే. మీ అల్లుడి దగ్గర ఈ రెండేళ్లలో కొత్తగా చూపించడానికి వీడియో దాదాపుగా లేదు. జట్లు ఇంకా అతని 2023 ఆటనే చూస్తున్నాయి. అందుకే ఫోన్ రావడం లేదు.

కాబట్టి మా సలహా ఒక్కటే. ఎక్కడ మ్యాచులు ఆడనిస్తారో అక్కడికి వెళ్లాలి.

ఈ పాటికి మీ ఇంట్లో ఎవరో ఒకరు కర్ట్ వార్నర్ పేరు చెప్పే ఉంటారు. కిరాణా కొట్లో సరుకులు సర్దినవాడు ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాడని. నిజమే, కానీ ఆ కథను సగమే చెప్తారు. 1994లో గ్రీన్ బే వదిలేశాక అతను మూడు సీజన్లు అయోవాలో అరీనా ఫుట్‌బాల్ (ఇండోర్ స్టేడియంలో ఆడేది) ఆడాడు, 1998లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ యూరప్ ఆడాడు. 1999లో సెయింట్ లూయిస్‌లో అవకాశం వచ్చేసరికి వెనక నాలుగేళ్ల మ్యాచులున్నాయి. ఆ యూరప్ లీగ్ 2007లో మూతపడింది. ఇప్పుడు ఆ స్థానంలో ఉన్నది వసంతంలో జరిగే యూఎఫ్ఎల్. ఎక్స్ఎఫ్ఎల్, యూఎస్ఎఫ్ఎల్ రెండూ కలిసిపోయి 2024లో మొదలైంది. ఎనిమిది జట్లు, మార్చి చివర నుంచి పది మ్యాచుల సీజన్. 2024లో జీతం వారానికి 5,500 డాలర్లు. డబ్బు పరంగా పెద్దదేం కాదు. కానీ సీజన్ అయ్యేది జూన్‌లో, ఎన్‌ఎఫ్‌ఎల్ క్యాంపులు తెరిచేది జూలై చివర్లో, మధ్యలో పిలుపు రావడానికి సరిగ్గా వ్యవధి ఉంటుంది. 2024 యూఎఫ్ఎల్‌లో ఉత్తమ ఆటగాడైన ఏడ్రియన్ మార్టినెజ్‌ను ఆ వేసవిలోనే న్యూయార్క్ జెట్స్ తీసుకుంది. అతనూ డ్రాఫ్టు కానివాడే.

ఏజెంటు చేత ఈ వారమే ఎనిమిది జట్లకూ పేరు, వీడియో పంపించండి. అడగాల్సింది జీతం గురించి కాదు. ‘ఇప్పటికే మీ దగ్గర ఎంతమంది క్వార్టర్‌బ్యాక్‌లు ఉన్నారు, మొదటి మ్యాచ్ ఎవరు ఆడతారో తేల్చారా, ఎన్‌ఎఫ్‌ఎల్ పిలిస్తే ఎప్పుడు వదులుతారు’ అని అడగాలి. అక్కడ కూడా మూడోవాడిగా కూర్చోబెడతామంటే వద్దనడమే మంచిది.

కెనడా మంచి లీగే, కానీ అది వేరే ఆట. పన్నెండు మంది ఆడతారు, మైదానం 110 గజాల పొడవు, 65 గజాల వెడల్పు, పది గజాలు సాధించడానికి నాలుగు ప్రయత్నాల బదులు మూడే. బంతి కదలకముందే రిసీవర్లు పరిగెత్తుకుంటూ గీత మీదికి రావచ్చు. అక్కడి లెక్క ఒంటబట్టడానికి సాధారణంగా ఒక సీజన్ పడుతుంది. వారెన్ మూన్ 1978లో ఎడ్మంటన్ వెళ్లి ఆ లీగ్ ట్రోఫీ అయిన గ్రే కప్‌ను వరసగా అయిదుసార్లు గెలిచాకే హ్యూస్టన్ వచ్చాడు. మూడు, నాలుగేళ్లు అక్కడ స్థిరపడదామనుకుంటే వెళ్లొచ్చు. ఒక్క ఏడాదిలో తిరిగొద్దామనుకుంటే యూఎఫ్ఎల్ దారే దగ్గర. ఇంకో సంగతి, కెనడా జట్లకు ‘నెగోషియేషన్ లిస్టు’ అని ఒకటుంటుంది. అందులో ఏ జట్టు పేరు రాసుకుంటే దానితో తప్ప ఇంకెవరితోనూ సంతకం చేయడానికి వీల్లేదు. అల్లుడి పేరు ఏ జాబితాలో ఉందో ముందు ఏజెంటును కనుక్కోమనండి. కొత్తవాళ్ల ఒప్పందాల్లో ఆప్షన్ ఏడాది కూడా ఉంటుంది కాబట్టి ఆ మధ్యలో ఎన్‌ఎఫ్‌ఎల్ పిలిస్తే వదులుతారో లేదో సంతకానికి ముందే తేల్చుకోవాలి.

రిసీవర్‌గా మారమనే సలహాను పక్కన పెట్టండి. మారి నిలిచినవాళ్లు లేకపోలేదు. కెంట్ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ జూలియన్ ఎడెల్‌మన్ 2009లో ఏడో రౌండులో వచ్చి, రిసీవర్‌గా మారి, ఒక సూపర్ బౌల్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. వర్జీనియా టెక్ క్వార్టర్‌బ్యాక్ లోగన్ థామస్ టైట్ ఎండ్‌గా (బంతి పట్టడంతో పాటు ఎదుటివాళ్లను అడ్డుకునే భారీ ఆటగాడిగా) మారి 2020లో వాషింగ్టన్‌కు 72 క్యాచులు పట్టాడు. మొదటివాడు బొంగరంలా తిరగగల మనిషి, రెండోవాడు 6 అడుగుల 6 అంగుళాల పొడవు, 250 పౌండ్ల బరువు. 4.8 సెకన్ల పరుగుతో రిసీవర్ కాలేడు, 208 పౌండ్లతో టైట్ ఎండ్ కాలేడు. నలభై పౌండ్లు పెంచమంటే ఉన్న వేగమూ పోతుంది. టిమ్ టీబో అంతటి హైజ్‌మన్ విజేత 2021లో టైట్ ఎండ్‌గా జాక్సన్‌విల్ క్యాంపుకు వస్తే ఆగస్టు మధ్యలోనే తీసేశారు.

మరి వసంతం వచ్చేదాకా ఏం చేయాలి? ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు సీజన్‌లో మంగళవారాలు బయటివాళ్లను పిలిచి పరీక్షిస్తాయి. మీ అల్లుడు వెళ్లొచ్చిన రెండూ ఇలాంటివే. అక్కడ మామూలుగా పోయేది రెండు చోట్ల. ఒకటి, రిసీవర్ ఖాళీ అయ్యాడని కంటితో చూశాక బంతి వదలడం. కాలేజీలో అది చెల్లుతుంది. ఇక్కడ అతను మలుపు తిరగకముందే బంతి చేయి వదలాలి, దానికి అడుగులు ఆ రూటుతో కలవాలి. రెండోది, తెల్లబోర్డు ముందు నిలబెట్టి ‘ఈ ఆట గీయి, ఇక్కడ బ్లిట్జ్ వస్తే, అంటే డిఫెన్స్ అదనపు మనుషులతో మీదికొస్తే, ఏం చేస్తావు’ అన్నప్పుడు నీళ్లు నమలడం.

రెండో దానికి మీ అమ్మాయే సాయం చేయగలదు. పాత ప్లేబుక్‌లను జట్లు తిరిగి తీసేసుకుంటాయి. అయినా తనకు గుర్తున్న రెండు జట్ల భాషలోనూ వంద ఆటల పేర్లు కార్డుల మీద రాసుకోమనండి. అమ్మాయి పక్క గదిలోంచి ఫోన్‌లో ఒక్కసారే చదవాలి. అతను తిరిగి చెప్పి, 25 సెకన్లలో గీత దగ్గరికి వచ్చినట్టు నిలబడి, మైక్ ఎవరో చెప్పి, ఆ తర్వాత బోర్డు మీద గీయాలి. డిఫెన్స్ వెనక ఇద్దరిని కాపలా పెట్టే కవర్ 2 అయితే మొదట ఎవరిని చూడాలి, ముగ్గురిని పెట్టే కవర్ 3 అయితే ఎవరిని, బ్లిట్జ్ వస్తే బంతి ఎవరికి వెంటనే వదలాలి అన్నది నోటితో చెప్పాలి. రోజుకు ఇరవై కార్డులు చాలు. తప్పినవి మర్నాడు మళ్లీ ముందుకు రావాలి.

చేతికి పని వారానికి మూడు రోజులు, రోజుకు 50–60 బంతులు. దిగులు పుట్టినప్పుడల్లా వెళ్లి రెండొందల బంతులు విసిరితే భుజం నొప్పి మంగళవారం నాడే బయటపడుతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ బంతితోనే సాధన చేయాలి. కాలేజీ బంతి చుట్టుకొలత నిబంధనల ప్రకారం కాస్త చిన్నదిగా కూడా ఉండొచ్చు, దానికి అలవాటుపడిన వేళ్లు ఈ బంతి మీద జారతాయి. వాటిలో సగం బంతులైనా బంతి అందించే సెంటర్ వెనక నుంచి అయిదు అంగలు వెనక్కి వేసి విసరాలి, కాలేజీలో అతను ఎక్కువగా షాట్‌గన్ నుంచే, అంటే ముందే దూరంగా నిలబడి, ఆడి ఉంటాడు. ప్రతిసారీ తప్పకుండా అడిగేది అవతలి హాష్ నుంచి 15 గజాల అవుట్, అంటే ముందుకెళ్లి పక్క గీత వైపు తిరిగే రిసీవర్‌కు వేసే పాస్. పేరుకు 15 గజాలే గానీ వెనక్కి వేసిన అడుగులూ, అడ్డంగా ఉన్న దూరమూ కలిపితే గాలిలో ప్రయాణం దాదాపు 35 గజాలు. అక్కడ బంతి పైకి లేచి తేలుతూ వెళ్తే పరీక్ష ముగిసినట్టే.

ఎన్‌ఎఫ్‌ఎల్ పిలుపు చాలాసార్లు తెలిసిన మనిషి నుంచి వస్తుంది. చేస్ డేనియల్ 2009లో డ్రాఫ్టు కాలేదు. 14 సీజన్లలో స్టార్ట్ చేసింది అయిదే మ్యాచులు, అయినా కోట్ల డాలర్లు సంపాదించాడు. కాన్సస్ సిటీలో తనతో పనిచేసిన కోచ్‌లు ఫిలడెల్ఫియాకూ షికాగోకూ వెళ్లినప్పుడు అతన్నీ పిలిపించుకున్నారు. టేలర్ హైనికీ 2020 డిసెంబరులో కాలేజీ చదువు పూర్తి చేసుకుంటుంటే కరోలైనాలో తనను ఎరిగిన కోచ్‌లు వాషింగ్టన్‌కు రమ్మన్నారు. నెల తిరిగేసరికి ప్లేఆఫ్‌లో టాంపా బే మీద 306 గజాలు విసిరాడు. అల్లుడు తనకు పాఠం చెప్పిన ప్రతి కోచ్ ఇప్పుడు ఎక్కడున్నాడో ఒక కాగితం మీద రాసుకోవాలి. జనవరిలో కోచ్‌లు జట్లు మారతారు. సీజన్ ముగిసిన జట్లు వచ్చే ఏడాదికి ‘ఫ్యూచర్స్’ ఒప్పందాలు ఇచ్చేదీ అప్పుడే.

డబ్బు లెక్క కూడా తెలుసుకోండి. ప్రాక్టీస్ స్క్వాడ్‌లో 2025లో కొత్తవాళ్లకు వారానికి 13,000 డాలర్లు. 18 వారాలూ ఉంటే 2,34,000. మన రూపాయల్లోకి మార్చి చూసుకుంటే కళ్లు తిరుగుతాయి గానీ, ఏ వారమైనా తీసేయొచ్చు, సీజన్ అయ్యాక ఆ చెక్కు రాదు. 53 మందిలోకి వస్తే ఆ ఏడాది కనీస జీతం 8,40,000, వారానికి 46,000 పైన. ప్రాక్టీస్ స్క్వాడ్‌లో ఉన్నవాణ్ణి వేరే జట్టు తన 53లోకి లాక్కుంటే కనీసం మూడు వారాల జీతం, అంటే 1,40,000, ఖాయం. పింఛను హక్కుకు మూడు సీజన్లు కావాలి, ఒక్కో సీజన్‌లో కనీసం మూడు మ్యాచుల పాటు 53 మందిలో ఉండాలి. మామూలుగా ప్రాక్టీస్ స్క్వాడ్ వారాలు ఆ లెక్కలోకి రావు. ఇప్పటికి మీ అల్లుడి ఖాతాలో ఉన్నది సున్నా. కాబట్టి ఈ జీతాన్ని నమ్ముకుని ఇల్లు కొనొద్దు, కొత్త ఊళ్లో ఏడాది లీజు రాయొద్దు. అమ్మాయి తన ఉద్యోగం వదిలి వెంట తిరగొద్దు. జట్టు తీసేసి బీమా పోయినప్పుడు అతన్ని అమ్మాయి ఆఫీసు బీమాలో చేర్చడానికి సాధారణంగా 30 రోజులే గడువు, అది దాటితే మళ్లీ వార్షిక నమోదు దాకా ఆగాలి. మళ్లీ ఏ జట్టయినా పంపించేటప్పుడు ఒంట్లో ఎక్కడ నొప్పున్నా చివరి వైద్య పరీక్షలో చెప్పి రాయించాలి. ‘బాగానే ఉన్నాను’ అని సంతకం పెట్టి వచ్చాక గాయం పరిహారం అడగడం చాలా కష్టం.

గడువు ఎలా పెట్టుకోవాలంటే: జనవరిలో ఫ్యూచర్స్ ఒప్పందం వస్తే సరే. రాకపోతే యూఎఫ్ఎల్ క్యాంపు. ఆ పది మ్యాచులయ్యాక జూలైలో ఎన్‌ఎఫ్‌ఎల్ క్యాంపు పిలుపు రావాలి. ఆగస్టు చివర్లో ప్రతి జట్టూ 90 మందిని ఒకేసారి 53కు తగ్గిస్తుంది, మర్నాడు ప్రాక్టీస్ స్క్వాడ్‌లు నిండుతాయి. అక్కడ చోటు దొరక్కపోతే గాయాల వల్ల వచ్చే ఖాళీల కోసం ఇంకో ఆరు వారాలు. అదే మేం చెప్పిన అక్టోబరు. యూఎఫ్ఎల్‌లో కూడా ఎవరూ ఆడించనంటే గడువు అంతదాకా కూడా అక్కర్లేదు, జూన్‌లోనే ఆపేయొచ్చు.

ఆ తర్వాతి దారి ఇప్పుడే కనిపిస్తూ ఉంటే గడువు భయపెట్టదు. జాక్ టేలర్ నెబ్రాస్కా క్వార్టర్‌బ్యాక్. 2007లో డ్రాఫ్టు కాలేదు, టాంపా బే తీసేసింది, కెనడాలో కొన్నాళ్లున్నాడు. 2008లోనే టెక్సాస్ ఎ అండ్ ఎమ్‌లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ కోచ్‌గా చేరి, 2019లో సిన్సినాటి హెడ్ కోచ్ అయ్యాడు. ఏళ్ల తరబడి బెంచీ మీదున్న కెలెన్ మూర్ ఇప్పుడు న్యూ ఓర్లీన్స్ హెడ్ కోచ్. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ కావాలంటే పీజీలో చేరాలి, ఆ దరఖాస్తుల గడువులు అమ్మాయి చూసి పెట్టుకోవచ్చు. కోచింగ్ ఇష్టం లేకపోతే ఏ ఉద్యోగమైనా మంచిదే, బలవంతం ఏమీ లేదు.

మీరు ఫోన్ చేసినప్పుడు ‘ఏమైనా కబురొచ్చిందా’ అని అడగకండి. వస్తే వాళ్లే చెప్తారు. పెదనాన్నగారి అబ్బాయి జీతం ప్రస్తావన అసలొద్దు. అమ్మాయితో విడిగా మాట్లాడి, డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుందో అడగండి. అది భార్యాభర్తలిద్దరూ కూర్చుని కాగితం మీద వేసుకోవాల్సిన లెక్క, ఇంతదాకా వేసి ఉండకపోవచ్చు.

చివరగా ఏజెంటు గురించి. ఆటగాళ్ల సంఘం నిబంధనల ప్రకారం అతని కమీషన్ మూడు శాతం మించకూడదు. యూఎఫ్ఎల్ జట్లకు పేరు పంపావా, కెనడా జాబితా చూశావా, ఆ రెండు మంగళవారాల పరీక్షల్లో ఏం తక్కువైందని చెప్పారు అన్న మూడు ప్రశ్నలకు వారంలో జవాబు తేలేకపోతే మార్చేయమనండి. రాతపూర్వకంగా అయిదు రోజుల నోటీసు ఇస్తే చాలు.